జర్మనీల ఎంఎస్‌కు పోతున్న, భాష రాదు.. ముందు పోయినోళ్లు జర చెప్పుండ్రి

బత్తాయితోట_బీటెక్ | పెద్దవూర | రాత్రి 9:42

అందరికి నమస్తే. మాది నల్లగొండ జిల్లా పెద్దవూర దిక్కు. పదో తరగతి దాక జిల్లా పరిషత్ బడిల తెలుగు మీడియం, తర్వాత పాలిటెక్నిక్, ఈసెట్ రాసి బీటెక్ మెకానికల్ జేసిన. ఇప్పుడు జర్మనీల కెమ్నిట్స్ యూనివర్సిటీల ఎంఎస్ సీటొచ్చింది, అక్టోబర్ల సెమిస్టర్ షురూ. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాయితాలు అసలువే అని తనిఖీ జేసి ఇచ్చేది) వచ్చింది, బ్లాక్డ్ అకౌంట్ల (వీసా కోసం ఏడాది ఖర్చు ముందే జమజేసే ఖాతా) 11,904 యూరోలు ఏసినం, అండ్ల సగం లోను, సగం నాయిన బత్తాయి పైసలు. వీసా కోసం చూస్తున్న.

నా పరేషాన్ అంతా భాష గురించే. ఐఈఎల్‌టీఎస్‌ల 6.5 వచ్చింది, చదువుడు రాసుడు నడుస్తది గని మాట్లాడుమంటే నోరు లేవదు, ఎదుటోడు స్పీడుగ ఇంగ్లిష్ మాట్లాడితే సగం తెలుస్తది సగం పోతది. జర్మన్ అయితే ఒక్క ముక్క రాదు. హైదరాబాద్‌ల కన్సల్టెన్సీ సారు ఏమంటడంటే "కోర్సు ఇంగ్లిష్‌లనే, జర్మన్ దేనికి, టైం వేస్టు" అంటడు. మా సీనియర్ ఒకాయన జర్మన్ బీ1 (భాష లెవెల్, ఏ1, ఏ2, బీ1, బీ2 అట్ల పెరుగుతది) లేకుంటే ఆగమైతవు అంటడు. ఎవరి మాట పట్టుకోవాలె? క్లాసుల అర్థం కాకుంటే ఏం జెయ్యాలె? ఇంట్ల ఈ సంగతి చెప్తే నాయిన బుగులు పడ్తడని చెప్తలేను.

కందనూలు_కెమ్నిట్స్ | రాత్రి 10:15

కంగ్రాట్స్ తమ్మి, మా ఊరికే వస్తున్నవ్.

మీ కన్సల్టెన్సీ సారు చెప్పింది సగం నిజం. క్లాసు ఇంగ్లిష్, పరీక్ష ఇంగ్లిష్, థీసిస్ గూడ ఇంగ్లిష్‌ల రాయొచ్చు. గని క్లాసురూం దాటి బయటికొచ్చినంక మొత్తం జర్మనే. రాంగనే రెండు వారాలల్ల అన్‌మెల్డుంగ్ జెయ్యాలె, అంటే ఏ ఇంట్ల ఉంటున్నవో మున్సిపాలిటీ ఆఫీసుల రాపిచ్చుకునుడు, దానికి ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాయితం గావాలె, ఆ కాయితం జర్మన్‌ల ఉంటది, కౌంటర్ల కూసున్నామె గూడ జర్మన్‌లనే అడుగుతది. తర్వాత విదేశీయుల ఆఫీసు, బ్యాంకు, ఇన్సూరెన్సు. ఈడ ఫోన్లు మెసేజులు కాదు, అన్ని పోస్టుల ఉత్తరాలే. డబ్బాల ఉత్తరం పడ్డదంటే దాన్ని పక్కన పడేసుడు మాత్రం చెయ్యకు. రేడియో టీవీ ఫీజు అని ఒకటొస్తది, నెలకు 18.36 యూరోలు, ఇంటికి ఒకటి, టీవీ ఉన్నా లేకున్నా కట్టాలె. అది చదవరాక చెత్తబుట్టల ఏసి, ఏడాదైనంక మొత్తం బాకీ మీద జరిమానా కట్టిన పిల్లలు మస్తుమంది ఉన్నరు. ఫోన్ కెమెరాతోని తర్జుమా జేసి చదువు, సరిపోతది.

ఇగ పార్ట్‌టైం నౌకరి. స్టూడెంట్‌కు ఏడాదికి 140 ఫుల్ డేస్ లేకుంటే 280 హాఫ్ డేస్ పనిచేసే హక్కు ఉంది, 2024 మార్చి నుంచి పెంచిండ్రు, అంతకుముందు 120, 240 ఉండే. హక్కు ఉంది గని నౌకరి ఇచ్చేటోడు జర్మన్ అడుగుతడు. గోదాముల డబ్బాలు మోసుడు, వంటింట్ల గిన్నెలు తోముడు తప్ప భాష లేకుండ దొరికేది తక్కువ. మెకానికల్‌ల అయితే కంపెనీల స్టూడెంట్ పోస్టులకు బీ1, బీ2 అని రాసే ఉంటది.

పాలమూరు_పైథాన్ | బెర్లిన్ | రాత్రి 10:31

అంత భయపెట్టకండన్నా పిల్లగాన్ని. నేను బెర్లిన్‌ల సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్న, ఏ2 గూడ పూర్తిగ లేదు, ఆఫీసుల అందరం ఇంగ్లిషే. ముందు కోడింగ్ నేర్చుకో, భాష తర్వాత. బెర్లిన్‌ల కొన్ని హోటళ్లల్ల జర్మనోళ్లకే జర్మన్‌ల ఆర్డర్ ఇచ్చే మోఖా ఉండదు 😄

కందనూలు_కెమ్నిట్స్ | రాత్రి 10:40

బెర్లిన్ సంగతి వేరే, సాఫ్ట్‌వేర్ సంగతి వేరే. ఆయనది మెకానికల్, ఊరేమో కెమ్నిట్స్. ఇది పాత తూర్పు జర్మనీ, కార్ల్ మార్క్స్ పేరు మీద ఉండె 1990 దాక ఈ ఊరు. ముసలోళ్లు బడిల రష్యన్ చదువుకున్నోళ్లు, ఇంగ్లిష్ కాదు. మా కింది ఇంటి తాత సాక్సన్ యాసల మాట్లాడుతుంటే సాగర్ గేట్లు ఎత్తినట్టే, ఏడ ఆగుతడో తెల్వదు.

పాలమూరు_పైథాన్ | బెర్లిన్ | రాత్రి 10:44

సరే, మెకానికల్ అని చూస్కోలే. అయితే నేర్చుకోవాల్సిందే.

తండా_టు_డ్రెస్డెన్ | రాత్రి 11:58

తమ్మి, నేను దేవరకొండ అవతలి తండా పిల్లను. డ్రెస్డెన్‌ల నీళ్ల ఇంజనీరింగ్‌ల ఎంఎస్ జేసిన, ఇప్పుడు ఈడనే పనిచేస్తున్న. జర పెద్దగ రాస్తా, ఓపికుంటే చదువు.

మా ఇంట్ల గోర్‌బోలి, అంటే లంబాడి భాష. బడికి పొయ్యేదాక తెలుగు రాదు. బడిల సారు ఏదన్న అడిగితే పక్కపిల్ల లేస్తే నేను లేసేదాన్ని, ఆమె కూసుంటే కూసునేదాన్ని, అట్ల గడిచింది ఒకటో తరగతి. తర్వాత గురుకులంల సీటొస్తే ఆడ ఇంగ్లిష్ మీడియం, మల్ల మొదటి నుంచి అదే కథ. మా తండాల చదువుకున్న ప్రతి పిల్ల ఇది దాటొచ్చిందే, దీనికి ఒక పేరుంటదని గూడ మాకు తెల్వదు. హైదరాబాద్‌ల జర్మన్ నేర్చుకునేటప్పుడు పెద్ద పెద్ద స్కూళ్లల్ల చదివిన పిల్లలు నా పక్కన కూసునేటోళ్లు, వాళ్లకు నాకంటె జల్ది అర్థమయ్యేది గని తప్పు వస్తదేమోనని నోరు తెరిచేటోళ్లు కాదు. నాకా సిగ్గు ఒకటో తరగతిలనే పోయింది. నువ్వు తెలుగు మీడియం అని చెప్పుకుంటా చిన్నగైతున్నవ్ గని, పదో తరగతి దాటినంక సబ్జెక్టు మొత్తం ఇంగ్లిష్‌లకు మార్చుకుని ఈసెట్ గట్టెక్కినవ్ గదా, అది భాష దాటుడు కాక ఇంకేంది?

జర్మన్ తెలుగోళ్లకు అంత పరాయిది కాదు. "ఎందుకంటే" అని మొదలుపెడితే క్రియ ఆఖరికి పోతది వాళ్లకు, మనకు ఎప్పుడూ ఆఖరికే ఉంటది గాబట్టి మన చెవికి అది సక్కగనే వినిపిస్తది. బడిల విభక్తులు బట్టీ కొట్టినం గదా, కి, కు, ని, ను అని, ఆ పనే వాళ్లు మాట ముందు వచ్చే ఆర్టికల్‌ను (ఇంగ్లిష్ 'ద' లెక్క) డెర్, డెన్, డెమ్ అని మార్చి చేస్తరు. కష్టం ఏడ అంటే ప్రతి వస్తువుకు మగ, ఆడ, రెండూ కాని లింగం ఉంటది, బల్ల మగ, తలుపు ఆడ, కిటికి రెండూ కాదు, దీనికి లెక్కా పత్రం తక్కువ, కొత్త మాట నేర్చుకునేటప్పుడే ఆర్టికల్‌తో కలిపి నోటికి రావాలె. ఇంకోటి అంకెలు. ఇరవై అయిదును అయిదు-ఇంక-ఇరవై లెక్క తిప్పి చెప్తరు, అయిదు ముందు, ఇరవై వెనుక. దుకాణంల బిల్లు, ఫోన్ నంబరు, రైలు ప్లాట్‌ఫారం అన్నిట్ల ఇది కొడ్తది. పోయేముందు ఏం రాకున్నా వందదాక అంకెలు వినుడు మాత్రం నేర్చుకో.

క్లాసుల మాట్లాడుడు సంగతి. ఫస్ట్ సెమిస్టర్‌ల నేను నోరు తెరువలే. ఒకరోజు తాగునీళ్ల క్లాసుల ప్రొఫెసర్ స్లైడ్ మీద "నల్గొండ టెక్నిక్" అని వచ్చింది. పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతి, నాగ్‌పూర్ నీరి అనే పరిశోధన సంస్థ వాళ్లు చేసింది, ప్రపంచమంత పుస్తకాలల్ల ఉంటది. ఆయన ఊరి పేరు ఎటో పలికి ముందుకు పోతుండు. నేను చెయ్యెత్తిన. మర్రిగూడ దిక్కు కాళ్లు వంకరపోయిన మనుషుల గురించి, బోరు నీళ్ల గురించి, తర్వాత కృష్ణ నీళ్లొచ్చుడు గురించి నాకొచ్చిన ఇంగ్లిష్‌ల చెప్పిన. గ్రామర్ ఎంత తప్పు పోయిందో నాకే తెల్వదు గని ఎవ్వరు నవ్వలే, క్లాసైనంక ఇద్దరు వచ్చి ఇంకా అడిగిండ్రు. అందుకే చెప్తున్న, మాట్లాడుడు నీకు తెలిసిన పని మీద షురూ చెయ్. బత్తాయి తోట డ్రిప్ సిస్టం గురించి నువ్వు మాట్లాడినట్టు ఆ క్లాసుల ఇంకెవరు మాట్లాడలేరు.

బత్తాయితోట_బీటెక్ | పొద్దున 6:50

అక్కా, రాత్రే చదివిన, పొద్దున మల్ల చదివిన. థాంక్స్ అక్కా. డ్రిప్ సంగతి ఎట్ల తెలిసింది మీకు 😀

ఇంకొక డౌట్. పరీక్షలు మొత్తం రాతనా? వైవా లెక్క నోటితోని ఉంటయా? అదుంటే నా పని అయిపోతది.

కందనూలు_కెమ్నిట్స్ | పొద్దున 7:20

ఉంటయి తమ్మి. స్టూడెంట్లు తక్కువున్న సబ్జెక్టుకు ఓరల్ పెడ్తరు, ప్రొఫెసర్, పక్కన ఇంకొకరు కూసుంటరు, ఇరవై ముప్పై నిమిషాలు. ఒక సబ్జెక్టు మూడుసార్లు తప్పితే కోర్సు నుంచే తీసేసే రూల్ చానా యూనివర్సిటీలల్ల ఉంది, కాబట్టి అలకగ తీసుకోకు. రిజిస్ట్రేషన్ చేసేముందే ఆ సబ్జెక్టు రాతనా ఓరలా అని మాడ్యూల్ పుస్తకంల (కోర్సుల ఒక్కొక్క సబ్జెక్టు వివరాలు ఉండేది) చూస్కో. ఓరల్‌ల ప్రశ్న అర్థం కాకుంటే "మల్లొకసారి చెప్తరా" అని అడిగితే మార్కులు కట్ కావు, కాయితం ఇయ్యుమని అడిగి బొమ్మ గీసి చెప్పినా నడుస్తది, మెకానికల్ కదా, బొమ్మ చానా పనిచేస్తది.

ఇంకోటి ముందే మీ నాయినకు చెప్పిపెట్టు, ఈడ 1.0 అంటే ఫస్టు, 4.0 అంటే పాసు, 5.0 అంటే ఫెయిలు. నాకు 1.7 వస్తే మా నాయిన రెండు రోజులు నాతోని సరిగ మాట్లాడలే.

టెక్సాస్_తిప్పర్తి | పొద్దున 7:45

జర్మనీ సంగతి నాకు తెల్వదు గని ఇంగ్లిష్ దేశంల గూడ ఇదే లొల్లి. అమెరికాల కొన్ని క్లాసులల్ల నోరు తెరిచి చర్చ చేస్తేనే మార్కులు, మనమేమో సారు చెప్తుంటే రాసుకునుడు అలవాటు పడ్డోళ్లం. నాకు పనిచేసినవి రెండే. ఒకటి ఆఫీస్ అవర్స్, ప్రొఫెసర్ తన రూంల వారానికి ఇంత టైం అని కూసుంటడు, ఆడికి పోయి ఒక్కనివే అడుగు, పదిమంది ముందు అడుగుడు కంటె అలక. రెండు రైటింగ్ సెంటర్, యూనివర్సిటీలనే ఉంటది, ఫ్రీ, నువ్వు రాసింది తీస్కపోతే కూసోబెట్టుకొని ఏడ వాక్యం తేలిపోతుందో చూపిస్తరు. ఇది చానామందికి తెల్వదు, తెలిసినోళ్లు ఇజ్జత్ పోతదని పోరు. పుస్తకంల వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎక్కిస్తే కాపీ కింద లెక్క, బడిల బట్టీ కొట్టి రాస్తే శెభాష్ అన్నరు, ఈడ అదే పనికి కేసు అయితది. భాష మీద పట్టు లేనోడే ఎక్కువ కాపీ కొడ్తడు, సొంతంగ రాయనీకి మాటలు దొరకవు గాబట్టి.

లెక్కలసారు_రిటైర్డ్ | వనపర్తి | పొద్దున 9:05

బాబులూ, అమ్మలూ, మీ చర్చ మధ్యల వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మా మనవరాలికి నీట్‌లో క్వాలిఫై మార్కులు వచ్చినవి గాని ఇక్కడ సీటు వచ్చేటట్టు లేదు. కిర్గిజ్‌స్తాన్‌లో ఎంబీబీఎస్ అని ఏజెంటు ఇంటి చుట్టూ తిరుగుతున్నడు. మొత్తం ఇంగ్లిష్ మీడియమే, రష్యన్ అవసరం లేదు, తెలుగు మెస్సు గూడ ఉన్నదంటున్నడు. నిజమేనా? అక్కడ చదివే పిల్లలు ఎవరన్నా ఉంటే చెప్పగలరు.

అచ్చంపేట_బిష్కెక్ | మధ్యాహ్నం 1:30

నమస్తే సార్. నేను బిష్కెక్‌ల నాలుగో సంవత్సరం.

ఏజెంటు చెప్పినయి మొదటి రెండేండ్లకు నిజమే సార్. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ అన్ని ఇంగ్లిష్‌లనే చెప్తరు, కొంతమంది మేడమ్‌ల ఇంగ్లిష్ మనకు అర్థం కానీకి టైం పడ్తది అది వేరే. ఎన్‌ఎంసీ (మన దేశంల డాక్టర్ చదువు రూల్స్ పెట్టే సంస్థ) 2021 నవంబర్ రూల్స్ ప్రకారం గూడ ఇంగ్లిష్ మీడియమే ఉండాలె, కోర్సు 54 నెలలకు తక్కువ ఉండొద్దు, ఆడనే 12 నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలె, మల్ల ఇండియాకొచ్చినంక ఇంకొక 12 నెలలు. ఈ లెక్క ఏజెంటుతోని కాయితం మీద రాపిచ్చుకోండ్రి సార్, నోటిమాట నమ్మొద్దు.

మూడో ఏడాది నుంచి ఆస్పత్రికి పంపుతరు. ఆడ పేషెంట్‌కు ఇంగ్లిష్ రాదు కద సార్. మంచం మీద ఉన్న ముసలమ్మ రష్యన్ మాట్లాడొచ్చు, కిర్గిజ్ మాట్లాడొచ్చు. "ష్తో బలీత్" అంటే ఏం నొస్తుంది, "గ్ద్యే బలీత్" అంటే ఏడ నొస్తుంది, ఎప్పటినుంచి, తిన్నంకనా తినకముందా, ఇవన్ని అడిగి హిస్టరీ తీస్కోవాలె. రష్యన్ రానోళ్లు గోడకు ఆనుకొని నిలబడ్తరు, సంతకం పెట్టి హాస్టల్‌కు వస్తరు. డిగ్రీ వస్తది సార్, పేషెంట్ మీద చెయ్యి ఏసుడు మాత్రం రాదు. తర్వాత ఎఫ్‌ఎంజీఈల, అంటే విదేశంల డాక్టర్ చదివినోళ్లు ఇండియాల రాసే పరీక్షల, 300 ప్రశ్నలకు 150 తెచ్చుకోవాలె, అది ఇంగ్లిష్‌ల. అంటే ఒక్క రోగాన్ని ఆస్పత్రిల రష్యన్‌ల అడిగి, రాత్రి ఇంగ్లిష్‌ల చదువుకొని, రేపొద్దున అచ్చంపేటల "కడుపుల మంట ఎప్పటిసంది అవ్వా" అని మనోళ్లను అడగాలె.

మా కాడ పద్ధతి ఏందంటే, వార్డుల సిస్టర్లతోని దోస్తీ. డాక్టర్ల కంటె వాళ్లు ఓపికగ చెప్తరు. రష్యన్‌ల 33 అక్షరాలు, అవి వారంల చదవొచ్చు, మెషీన్‌ల మీద మందుల మీద పేర్లు లాటిన్ నుంచి వచ్చినయే గాబట్టి అక్షరాలొస్తే సగం గుర్తుపట్టొచ్చు. మనవరాలు వచ్చేముందు అక్షరాలు మాత్రం నేర్చుకొని రావాలె సార్. హైదరాబాద్ తార్నాక ఇఫ్లుల (విదేశీ భాషల యూనివర్సిటీ) రష్యన్ చెప్తరు. మెస్సుల పప్పుచారు ఉంటది, అది నిజమే.

లెక్కలసారు_రిటైర్డ్ | వనపర్తి | మధ్యాహ్నం 2:10

అమ్మా, ఏజెంటు గంటసేపు చెప్పనిది నువ్వు ఒక్క పోస్టులో చెప్పినవ్. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల మీద దాడులు జరిగినయని వార్తల్లో చూసినం, ఇప్పుడు ఎట్లున్నది?

అచ్చంపేట_బిష్కెక్ | మధ్యాహ్నం 2:25

ఇప్పుడు మామూలుగనే ఉంది సార్, క్లాసులు నడుస్తున్నయి. అప్పుడు గూడ పక్కింటి కిర్గిజ్ ఆంటీ బయటికి పోవద్దు బిడ్డ అని తలుపు కొట్టి చెప్పింది, ఆమె చెప్పింది అర్థం కానీకి నాకంత రష్యన్ ఉండె గాబట్టి పనికొచ్చింది.

నారాయణపేట_మూడుభాషలు | సాయంత్రం 5:15

అందరు ఇంత సీరియస్ గ మాట్లాడుతుంటే నాకు నవ్వొస్తుంది. మా నారాయణపేట, మక్తల్ దిక్కు అంగట్ల కన్నడ, మరాఠీ, తెలుగు, ఉర్దూ ఒక్క బేరంల అయిపోతయి. మా తాత బొంబాయి పనికి పోయి మేస్త్రీ దగ్గర మరాఠీ నేర్చుకున్నడు, అక్షరం ముక్క రాదు. పాలమూరు లేబర్ దేశమంత కాల్వలు తవ్వింది ఏ కోచింగ్ తీసుకొని? ఆకలైతే భాష అదే వస్తది.

టెక్సాస్_తిప్పర్తి | సాయంత్రం 5:40

అన్నా మాట బాగుంది గని మీ తాతకు మరాఠీల థీసిస్ రాయమనలే కద. కూలి అడిగే భాష వేరే, "ఈ ఫలితం ఎందుకట్ల వచ్చిందో మూడు కారణాలు చెప్పు" అంటే చెప్పే భాష వేరే. రెండోది ఆకలైతే రాదు, చదివితేనే వస్తది.

నారాయణపేట_మూడుభాషలు | సాయంత్రం 5:52

అది ఒప్పుకుంట. గని మొదటిది వస్తే రెండోదానికి ధైర్యం వస్తది, అది నువ్వు ఒప్పుకో.

అడ్మిన్_నీలగిరి | సాయంత్రం 6:00

మంచిగ నడుస్తుంది. ఒక్కటే విన్నపం, కన్సల్టెన్సీల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టకుండ్రి. రెండు పోస్టులు తీసేసిన.

పాలమూరు_పైథాన్ | బెర్లిన్ | రాత్రి 9:10

నాదొక సలహా, దీంట్ల నన్ను తిట్టినా ఫర్వాలేదు. తెలుగోళ్లతోని రూం తీసుకోకు. నలుగురు మనోళ్లు ఒక్క ఇంట్ల ఉంటే పొద్దున లేస్తే తెలుగు, రాత్రి పండుకునేదాక తెలుగు, బయట మైనస్ పది ఉన్నా లోపల మిర్యాలగూడ బియ్యం, గోంగూర తొక్కు. రెండేండ్లుండి గుటెన్ మోర్గెన్ (గుడ్ మార్నింగ్) దాటనోళ్లను చూసిన.

కందనూలు_కెమ్నిట్స్ | రాత్రి 9:35

నేను ఒప్పుకోను. మొదటి చలికాలం వచ్చేసరికి నాలుగింటికే చీకటి పడ్తది, ఒక్కడే ఉంటే పిచ్చిలేస్తది. జరమొస్తే చారు పెట్టేటోడు గావాలె. కిరాయి గూడ పంచుకుంటరు. ముందు బతకనియ్యి పిల్లగాన్ని.

తండా_టు_డ్రెస్డెన్ | రాత్రి 10:20

ఎవరితోని ఉన్నా, వారంల ఒక పని బయటోళ్లతోని పెట్టుకో తమ్మి. నేను వాలీబాల్ ఆడనీకి పోయేదాన్ని. ఆటల వాక్యం అవసరం లేదు, నాది, నీది, ముందుకు, వెనుకకు, గంతే, అట్లనే నోరు తిరిగింది. యూనివర్సిటీల టాండెమ్ అని ఉంటది, నువ్వు వాళ్లకు ఇంగ్లిష్ నేర్పితే వాళ్లు నీకు జర్మన్ నేర్పుతరు, నాతోని ఒకామె తెలుగు గూడ నేర్చుకుంట అన్నది, నేనేమో నాకు వచ్చిన తెలుగు గురుకులం తెలుగు అని చెప్పిన, ఆమెకు ఏం అర్థం కాలే.

బత్తాయితోట_బీటెక్ | రాత్రి 10:48

అయితే ఇప్పటినుంచి నేర్చుకునుడే. పోయేదాక ఏ1 అన్న అయితదా? నల్లగొండల జర్మన్ చెప్పేటోళ్లు ఎవరు లేరు, రోజు హైదరాబాద్ పోనీకి కాదు, తోటల పని గూడ ఉంది.

కందనూలు_కెమ్నిట్స్ | రాత్రి 11:05

అయితది. డాయిచె వెలె (జర్మనీ రేడియో, టీవీ సంస్థ) వెబ్‌సైట్‌ల ఏ1 నుంచి బీ1 దాక పాఠాలు ఫ్రీగ ఉన్నయి, ఫోన్‌లనే చూడొచ్చు, తోటల నీళ్లు పెట్టుకుంటా గూడ వినొచ్చు. సర్టిఫికెట్ గావాల్నంటే హైదరాబాద్ గోథె జెంట్రుమ్‌ల (జర్మన్ భాష నేర్పే కేంద్రం) పరీక్ష రాయాలె, ఆన్‌లైన్ బ్యాచులు ఉన్నయా అడుగు. నీ కోర్సుకు సర్టిఫికెట్ అడుగలే కద, మరి ముందు నేర్చుకునుడు చూడు, పరీక్ష పైసలు తర్వాత. ఈడికొచ్చినంక యూనివర్సిటీ భాషా కేంద్రంల సెమిస్టర్‌కు క్లాసులుంటయి, సీట్లు జల్ది నిండుతయి, రిజిస్ట్రేషన్ ఓపెన్ అయిన రోజే చెయ్యి. ఊర్ల ఫోక్స్‌హోఖ్‌షూలె అని ఉంటది, పెద్దోళ్ల బడి, ఫీజు తక్కువ, అండ్ల అన్ని దేశాలోళ్లు ఉంటరు గాబట్టి ఇంగ్లిష్‌లకు జారే మోఖా ఉండదు.

చదువు అయిపోయినంక నౌకరి ఎతకనీకి 18 నెలల పర్మిట్ ఇస్తరు. ఆ 18 నెలలల్ల జర్మన్ షురూ చేసేటోళ్లకు టైం సరిపోదు. మొదటి సెమిస్టర్ నుంచి నడిపినోళ్లకు అప్పటికి బీ2 దగ్గరికొస్తది. మెకానికల్‌ల నౌకర్లు ఎక్కువ మధ్యతరహా కంపెనీలల్ల ఉంటయి, చిన్న ఊర్లల్ల ఉంటయి, ఆడ మిషన్ కాడ నిలబడే ఫోర్‌మన్‌తోని మాట్లాడాలె, ఆయనకు నీ ఐఈఎల్‌టీఎస్‌తోని పని లేదు.

బత్తాయితోట_బీటెక్ | రాత్రి 11:20

సరే అన్నా. రేపటిసంది షురూ. ఇంకొకటి, నాయిన ఇప్పుడే నా ఎనుక నిలబడి ఇదంత చదివిండు, చెప్పకుండ దాచిందంత తెలిసిపోయింది 😅 ఆయన అడుగుతుండు, ఇంటి ఓనరు సంతకం పెట్టే కాయితానికి పైసలు అడుగుతరా అని.

కందనూలు_కెమ్నిట్స్ | రాత్రి 11:26

అడుగొద్దు, ఇచ్చుడు వాళ్ల బాధ్యత, చట్టంల ఉంది. రూం చూడకముందే ఆ కాయితం ఇస్తం, పైసలు పంపు అని ఆన్‌లైన్ల ఎవడన్న మెసేజ్ పెడితే మోసం అనుకో, ఒక్క రూపాయి పంపకు. స్టూడెంట్ హాస్టల్‌కు అప్లై చేసినవా లేదా? ఆఫర్ లెటర్ వచ్చిన రోజే చెయ్యాలె, వెయిటింగ్ ఉంటది. నాయినకు నమస్తే చెప్పు.